శేషాచలం అడవిలో దొరికిన నేల పెంకుపురుగును గుర్తించి వర్ణించడం ఎలా

శేషాచలం కొండల్లో వానలు పడిన తరువాత రాతిని కదిపినా, ఎండుటాకులను పక్కకు తీసినా, నల్లగా నిగనిగలాడే పెంకుపురుగు ఒకటి బయటపడి వేగంగా పరుగు తీస్తుంది. ఎగరడం కన్నా నేల మీద పరుగెత్తడానికే అలవాటు పడిన ఇటువంటి వేటపురుగులలో ఎక్కువ భాగం కరాబిడే అనే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో ప్రపంచమంతటా సుమారు 40,000 జాతులకు శాస్త్రవేత్తలు ఇప్పటికే పేర్లు పెట్టారు. మీ చేతిలోని పురుగు వాటిలో ఏదో తెలుసుకోవడానికి అనుసరించవలసిన పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తాను. ఈ పద్ధతికి ప్రాణం వంటి నియమం ఒక్కటే: చూసినదంతా ముందు రాయండి, పేరును ఆ తరువాతే వెతకండి. పేరు ముందుగా మనసులో పడితే, ఆ పేరుకు సరిపోయే లక్షణాలే కంటికి కనిపిస్తాయి, సరిపోనివి ఉన్నా గమనానికి రావు. తప్పుడు గుర్తింపులలో చాలా వాటికి మూలం ఇదే.

అడవిలోకి వెళ్లే ముందు

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పడింది. దానితో పాటు చుట్టుపక్కల కొండలను కలిపి 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఉద్యానవనంలోకి పరిశోధన కోసం ప్రవేశించాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి పొందాలి. పురుగులను పట్టి తీసుకురావడానికి అనుమతి కావాలని దరఖాస్తులో విడిగా, స్పష్టంగా రాయండి, ఎందుకంటే లోపలికి వెళ్లడానికి ఇచ్చిన అనుమతి నమూనాలను సేకరించడానికి ఇచ్చిన అనుమతి కాదు. తిరుమల పరిధిలో టీటీడీ అటవీ విభాగానికి కూడా తెలియజేయాలి. ఎర్రచందనం దొంగరవాణా వల్ల ఈ అడవుల్లో నిఘా గట్టిగా ఉంటుంది, కాబట్టి అనుమతి పత్రం ఎప్పుడూ వెంట ఉండాలి, అటవీ సిబ్బంది తోడు లేకుండా రాత్రి పూట లోపల తిరగకూడదు. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణతో రక్షిత ప్రాణుల షెడ్యూళ్లు మారాయి, కాబట్టి పాత జాబితాను నమ్ముకోకుండా కొత్త జాబితానే చూసుకోండి.

అనుమతి చేతికి వచ్చే లోపు కాలాన్ని వృథా చేయనవసరం లేదు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో, చెరువు కట్టల వెంబడి, మీ పెరట్లో రాళ్ల కింద కూడా నేల పెంకుపురుగులు ఉంటాయి. యజమాని అనుమతితో తోటలో సేకరించిన వాటి మీద ముందు చేయి తిప్పుకోండి. అడవిలో దొరికే నమూనా అరుదైనది కావచ్చు, అది చేయి తిరగని వారి అభ్యాసంలో పాడైపోకూడదు.

ఎక్కడ, ఎప్పుడు, ఎలా వెతకాలి

ఈ ప్రాంతానికి నైరుతి వానలు కొంత, ఈశాన్య వానలు ఎక్కువ. అందువల్ల జూన్ నుంచి డిసెంబరు వరకు నేల తడిగా ఉన్న రోజులన్నీ వెతకడానికి అనువైనవే, అక్టోబరు, నవంబరు నెలలు మరింత అనువైనవి. తలకోన వంటి వాగు పక్క తావుల్లో ఆకుల పొరలోనూ, కుళ్లిన దుంగల కిందా వెతకండి. పొడి ఆకురాల్చే అడవిలోనైతే రాళ్ల కింద, చెట్ల మొదళ్ల దగ్గర చూడండి. ఈ రెండు చోట్లా దొరికే జాతులు చాలా వరకు వేరు వేరుగా ఉంటాయి, కనుక వాటిని ఒకే సీసాలో కలపకండి.

రాతిని ఎత్తేటప్పుడు మీకు దూరంగా ఉన్న అంచును పట్టుకుని మీ వైపుకు లేపండి. కింద తేలు గానీ చిన్నపింజరి గానీ ఉంటే దానికీ మీకూ మధ్య రాయి అడ్డుగా ఉంటుంది. చూడడం అయిపోగానే రాతిని ఎలా ఉన్నదో అలాగే తిరిగి పెట్టాలి. దాని కింది తేమను నమ్ముకుని బతికే ప్రాణులు అనేకం ఉంటాయి, తిరగేసిన రాయి ఒక్క ఎండ పొద్దుకే వాటి నివాసాన్ని నాశనం చేస్తుంది.

గుంట ఉచ్చులు పెట్టాలంటే, ప్లాస్టిక్ గ్లాసును దాని అంచు నేల మట్టానికి సరిగ్గా సమంగా ఉండేలా పాతాలి. అంచు కొద్దిగా పైకి లేచి ఉన్నా పురుగు దాన్ని చుట్టి వెళ్లిపోతుంది. వాన నీరు పడకుండా గ్లాసుకు కాస్త ఎత్తులో ఒక పలకను కప్పండి. కప్పలు, బల్లులు పడితే ఎక్కి బయటికి పోవడానికి లోపల ఒక పుల్లను వాలుగా నిలపండి. పురుగులను ప్రాణంతో పట్టదలచుకుంటే గ్లాసులో ద్రవం పోయకుండా ఎండుటాకులు వేసి, ప్రతి ఉదయం తప్పకుండా చూడాలి, లేకపోతే లోపల పడినవి ఒకదాన్నొకటి తినేస్తాయి.

చేతితో పట్టేటప్పుడు ముఖానికి దూరంగా ఉంచండి. ఫెరోప్సోఫస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పురుగులు పొట్ట చివర నుంచి దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న ద్రవాన్ని చప్పుడుతో చిమ్ముతాయి, అది తగిలిన చోట చర్మం మీద గోధుమ రంగు మరక పడుతుంది. ఆంథియా సెక్స్‌గటాటా అనే పెద్ద నల్లని జాతి ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది, అది కంట్లో పడితే ప్రమాదం. నమూనాను పట్టకారుతోనే సీసాలోకి మార్చండి.

చంపవలసిన నమూనాలను ఇథైల్ అసిటేట్ చుక్కలు వేసిన సీసాలో ఉంచవచ్చు, లేదా 70 శాతం ఆల్కహాల్‌లో వేయవచ్చు. డీఎన్ఏ పరీక్ష చేసే ఉద్దేశం ఉంటే ఒక కాలును ముందే వేరు చేసి 95 శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో, ఫ్రీజర్‌లో దాచాలి. సేకరించిన క్షణంలోనే లేబుల్ రాయాలి: రాష్ట్రం, జిల్లా, స్థలం పేరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టం నుంచి ఎత్తు, తేదీ, సేకరించిన వారి పేరు, ఎలా దొరికింది, ఏ పరిసరంలో దొరికింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి కొత్త జిల్లాగా ఏర్పడింది, అందువల్ల పాత నమూనాల మీద చిత్తూరు జిల్లా అని ఉన్న అనేక స్థలాలు ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంటాయి. ఈ కారణంగానే జిల్లా పేరు ఒక్కటే ఎప్పుడూ చాలదు, అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరి. లేబుల్ లేని నమూనా ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

ఆరబెట్టే నమూనాకు పిన్నును కుడి రెక్కపెంకు ముందు భాగంలో నుంచి కిందికి దించాలి, నడుమన గుచ్చకూడదు. చిన్న పురుగులను మొన తేలిన అట్టముక్క మీద జిగురుతో అతికించండి, అయితే అడుగు భాగం కనిపించేలా అతికించాలి. వానాకాలంలో ఇక్కడి గాలి తేమకు నమూనాలు త్వరగా బూజు పడతాయి, కాబట్టి పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి తరచుగా మార్చండి.

అది నేల పెంకుపురుగేనా?

ఇక మైక్రోస్కోప్ దగ్గరకు రండి. పది రెట్ల చేతి లెన్స్‌తో మొదటి పరీక్షలు చేయవచ్చు, తరువాతి వాటికి స్టీరియో మైక్రోస్కోప్ కావాలి. మీ ఊళ్లోని డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగంలో గానీ, వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగంలో గానీ అడిగి చూడండి.

పురుగును వెల్లకిలా తిప్పండి. నేల పెంకుపురుగులో వెనుక కాళ్ల మొదటి ఖండమైన కోక్సా వెనక్కి పొడుచుకు వచ్చి, పొట్ట అడుగున కనిపించే మొదటి ఫలకాన్ని రెండుగా చీలుస్తుంది. ఆ ఫలకం నడుమ తెగిపోయి ఇరుపక్కలా రెండు ముక్కలుగా కనిపిస్తుంది. దాని పక్కనే ఉండే ట్రోకాంటర్ అనే ఖండం పెద్దదిగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉబ్బి ఉంటుంది. ఈ రెండూ ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. నీటిలో ఈదే కొన్ని పెంకుపురుగులకూ ఈ లక్షణాలు ఉంటాయి గానీ, వాటి వెనుక కాళ్లు చదునుగా, ఈదడానికి అనువుగా ఉంటాయి.

తిరుపతి చుట్టూ రాళ్ల కింద ఎక్కువగా పొరపాటు కలిగించేవి టెనెబ్రియోనిడే కుటుంబపు పురుగులు. అవీ నల్లగానే ఉంటాయి, అవీ నేల మీదే నడుస్తాయి. పాదం ఖండాలు లెక్కపెట్టండి: నేల పెంకుపురుగుకు ముందు, మధ్య, వెనుక కాళ్లన్నిటిలో ఐదేసి ఉంటాయి. టెనెబ్రియోనిడేలో వెనుక కాళ్లకు నాలుగే ఉంటాయి. అంతే కాక, వాటి స్పర్శశృంగాల (తల మీద మీసాల్లా ఉండే అవయవాల) మొదళ్లు తల పక్క అంచు కింద దాగి ఉంటాయి. పేడపురుగుల విషయంలో స్పర్శశృంగం చివర పలకలు పలకలుగా ఉబ్బి ఉంటుంది కనుక సందేహానికి తావు లేదు. పులి పెంకుపురుగులు మాత్రం దగ్గరి బంధువులు, కొందరు వాటిని ఇదే కుటుంబంలో చేరుస్తారు, కొందరు విడిగా ఉంచుతారు. వాటిలో నోటి పైనున్న క్లైపియస్ అనే పలక స్పర్శశృంగాల మొదళ్లను దాటి పక్కలకు విస్తరించి ఉంటుంది. నేల పెంకుపురుగులో అది ఆ మొదళ్ల మధ్య దూరం కన్నా ఇరుకుగా ఉంటుంది.

లక్షణాలను ఏ వరుసలో చూడాలి

ఎప్పుడూ తల నుంచి తోక వైపుకు, పై నుంచి కిందికి చూస్తూ రాయండి. వరుస మారకపోతే ఏదీ మరిచిపోరు, ఇద్దరు వ్యక్తులు వేర్వేరు కాలాల్లో రాసిన వర్ణనలను పక్కపక్కన పెట్టి పోల్చడమూ సాధ్యమవుతుంది.

తలలో అన్నిటికన్నా విలువైన లక్షణం శూకాలు, అంటే స్థిరమైన చోట్ల ఒక్కొక్క గుంట నుంచి లేచే పొడవాటి గట్టి రోమాలు. కంటి పైన అటువంటి శూకం ఒకటి ఉన్నదా, రెండు ఉన్నాయా అన్నది ప్రజాతుల గుంపులనే వేరు చేస్తుంది. శూకం రాలిపోయి ఉండవచ్చు, అప్పుడు అది ఉండిన గుంట కోసం చూడండి. హర్పాలస్, దాని బంధువులలో కంటి పైన ఒక్కటే ఉంటుంది. అదే గుంపులో పదకొండు ఖండాల స్పర్శశృంగంలో మొదటి రెండు మాత్రమే నున్నగా ఉండి, మూడో ఖండం నుంచి సన్నని నూగు మొదలవుతుంది. క్లేనియస్‌లోనూ కంటి పైన ఒక్క శూకమే ఉన్నా, స్పర్శశృంగంలో నున్నని ఖండాలు మూడు. హనువు (కొరికే దవడ) వెలుపలి గాడిలో శూకం ఉందో లేదో కూడా రాయండి. నోటి స్పర్శాంగాల చివరి ఖండం కొనదేరి ఉందా, గొడ్డలి అలుగులా వెడల్పయిందా చూడండి.

తల వెనుక ఉండే వక్ష పలక విషయంలో ఆకారాన్ని మాటల్లో చెప్పి ఊరుకోకండి, కొలవండి. గరిష్ఠ వెడల్పును నడిమి పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీ కంటి అంచనా కన్నా నమ్మదగినది. వెడల్పు ఎక్కడ ఎక్కువగా ఉంది, వెనుక మూలలు గుండ్రంగా ఉన్నాయా పదునుగా ఉన్నాయా, పక్క అంచున శూకాలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి అన్నవి రాయాలి. స్కారైటిస్ వంటి తవ్వుడు పురుగులలో వక్ష పలకకూ రెక్కపెంకులకూ మధ్య నడుము సన్నబడి, ముందు కాళ్ల టిబియా (పాదానికి పైనున్న ఖండం) వెడల్పై పళ్లతో ఉంటుంది. ఇవి చూడగానే గుంపు తెలిసిపోతుంది.

రెక్కపెంకుల మీద నిలువుగా నడిచే చాళ్లు ఉంటాయి, సాధారణంగా ఒక్కో పెంకుకు తొమ్మిది. చాళ్లు లోతుగా ఉన్నాయా, వాటిలో చుక్కల గుంటలు ఉన్నాయా, నడుమ గట్లు చదునుగా ఉన్నాయా ఉబ్బి ఉన్నాయా రాయండి. అన్నిటికన్నా బయటి గట్టు వెంబడి శూకాల గుంటలు వరుసగా ఉంటాయి. వాటిని లెక్కపెట్టడం విసుగు పుట్టించే పనే అయినా తప్పకుండా చేయండి, దగ్గరి జాతులు చాలా సార్లు అక్కడే విడిపోతాయి. పెంకుల చివర గుండ్రంగా ముగిసిందా, కత్తిరించినట్టు ఉందా చూడండి. కత్తిరించినట్టు ఉండి, పొట్ట చివర బయటికి కనిపిస్తూ, అడుగు ఫలకాలు మామూలుగా ఉండే ఆరు కాక ఆడలో ఏడు, మగలో ఎనిమిది కనిపిస్తే అది ఫెరోప్సోఫస్ చేరిన గుంపు.

రంగును నేను కావాలనే చివర చెబుతున్నాను. నల్లని ఒంటి మీద నాలుగు నారింజ మచ్చలు క్రాస్పెడోఫోరస్‌లోనే కాక దాని బంధువులైన వేరే ప్రజాతులలోనూ ఉంటాయి. ఆంథియా సెక్స్‌గటాటాను వక్ష పలక మీది రెండు, రెక్కపెంకుల మీది నాలుగు తెల్లని చుక్కలతో పిల్లలు కూడా పోల్చగలరు. అయినా ఆ చుక్కలు సన్నని తెల్లని రోమాల గుంపులు, రోమాలు రాలితే చుక్క చిన్నబడుతుంది. అంత స్పష్టమైన జాతిలోనే రంగును పూర్తిగా నమ్మలేనప్పుడు, ఒంటినిండా ఒకే నలుపున్న జాతుల విషయంలో రంగు ఎంత బలహీనమైన ఆధారమో వేరే చెప్పనక్కరలేదు. ఆల్కహాల్‌లో చాలా కాలం ఉన్న నమూనాకు ఆకుపచ్చ మెరుపు తగ్గవచ్చు, కాబట్టి రంగును పురుగు ప్రాణంతో ఉన్నప్పుడే రాసి, ఫోటో తీయండి.

మగ ఆడ భేదం కాళ్లలో తెలుస్తుంది. చాలా జాతుల్లో మగ పురుగు ముందు పాదాల మొదటి ఖండాలు వెడల్పై, అడుగున అంటుకునే రోమాలతో ఉంటాయి.

మగ జననాంగాన్ని తీయడం

బయటి లక్షణాలతో జాతి తేలని సందర్భాలు ఈ కుటుంబంలో తరచుగా వస్తాయి, అక్కడ తీర్పు చెప్పేది మగ జననాంగం. ఎండిన నమూనాను గోరువెచ్చని నీటిలో మెత్తబరచి, చివర కొక్కెంగా వంచిన సన్నని పిన్నుతో పొట్ట చివరి నుంచి ఈడియాగస్ అనే గొట్టాన్ని నెమ్మదిగా బయటికి లాగాలి. దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి చుట్టూ ఉన్న కండరాలు కరిగాక, నీటిలో కడిగి గ్లిజరిన్‌లోకి మార్చండి. ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, రెండు బొమ్మలు గీయండి. కొన ఎటు వంగింది, మొద్దుగా ఉందా సూదిగా ఉందా, పక్కనున్న పారామియర్లు అనే రెండు భాగాలు ఒకే పరిమాణంలో ఉన్నాయా అన్నవి చూపాలి. పని అయ్యాక దాన్ని గ్లిజరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి, ఆ నమూనా పిన్నుకే కింద గుచ్చండి. నమూనా నుంచి విడిపోయిన జననాంగం ఎవరికీ ఉపయోగపడదు.

పేరు దాకా చేరడం

ఇప్పుడు కీ పట్టికలను, అంటే ప్రతి మెట్టులో ఒక లక్షణాన్ని ఎంచుకుంటూ పేరు దాకా నడిపించే పట్టికలను తెరవవచ్చు. మన దేశపు నేల పెంకుపురుగుల మీద ఆండ్రూస్ అనే బ్రిటిష్ కీటకశాస్త్రవేత్త 1929లో ఒకటి, 1935లో ఒకటి, రెండు సంపుటాలు రాశాడు. వాటిలో కొన్ని గుంపులకే కీలు ఉన్నాయి, కొన్ని ప్రజాతుల పేర్లు ఆ తరువాత మారాయి, అయినా పని మొదలుపెట్టడానికి అవే పునాది. కీలో ప్రతి మెట్టు దగ్గరా మీరు ఎంచుకున్న దారిని, అందుకు కారణాన్ని కాగితం మీద రాయండి. సందేహం ఉన్న మెట్టు దగ్గర రెండు దారులూ చివరి దాకా వెళ్లి చూడండి. కీ ఇచ్చిన పేరును ముగింపుగా తీసుకోకుండా, ఆ జాతి మొదటి వర్ణనను వెతికి మీరు ముందే రాసుకున్న వివరాలతో వాక్యం వాక్యంగా పోల్చండి. ఈ పోలిక నిష్పక్షంగా సాగడానికే పేరు కన్నా ముందు వర్ణన రాయమన్నాను.

జాతులను పోల్చడానికి వాడే సీఓఐ అనే జన్యువులోని 658 బేస్‌ల ముక్కను చదివించి పోల్చే పద్ధతి మంచి తోడు. కానీ మన ప్రాంతపు జాతుల డీఎన్ఏ వరుసలు డేటా నిధులలో తక్కువగా ఉన్నప్పుడు అది దగ్గరి బంధువును చూపగలదే గానీ పేరును ఇవ్వలేదు.

వర్ణన రాయడం

వర్ణనకు ముందు భేదకథనం అనే చిన్న భాగం ఉండాలి. అందులో ఈ జాతిని దగ్గరి జాతుల నుంచి వేరు చేసే నాలుగైదు లక్షణాలు మాత్రమే ఉంటాయి. దాని తరువాత పూర్తి వర్ణన. వాక్యాలు ఎలా ఉండాలో చూపడానికి కింద ఒక మాదిరి ఇస్తున్నాను, ఇది కల్పించిన నమూనాకు రాసినది, ఏ జాతినీ ఉద్దేశించినది కాదు.

“మగ. పొడవు, పై పెదవి ముందు అంచు నుంచి రెక్కపెంకుల కొన వరకు, 14.2 మి.మీ. ఒళ్లు నలుపు, కాళ్లు ఎర్రగోధుమ. తల నున్నగా ఉంది, కంటి పైన శూకం ఒకటి. స్పర్శశృంగాల మొదటి మూడు ఖండాలు నున్నగా, నాలుగో ఖండం నుంచి నూగుతో ఉన్నాయి. వక్ష పలక పొడవు కన్నా 1.3 రెట్లు వెడల్పు, గరిష్ఠ వెడల్పు నడిమికి కాస్త ముందు, వెనుక మూలలు గుండ్రం. రెక్కపెంకుల చాళ్లలో సన్నని గుంటలు, గట్లు కొద్దిగా ఉబ్బి నూగుతో ఉన్నాయి.”

ఇందులో అందంగా, పెద్దగా, చాలా వంటి మాటలు లేవు. ప్రతి మాటకూ కొలత గానీ, ఉంది లేదు అనే తీర్పు గానీ ఆధారంగా ఉంది. పురుగును ఎన్నడూ చూడని మనిషి ఈ వాక్యాలతో వంద పురుగుల మధ్య దాన్ని ఏరగలగాలి. మీ వర్ణనను ఒక స్నేహితుడికి ఇచ్చి, నాలుగైదు జాతుల పెట్టె ముందు పెట్టి ఏరమనండి. ఎక్కడ తడబడితే ఆ వాక్యాన్ని తిరిగి రాయండి. వీలైనన్ని నమూనాలను కొలిచి, కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు వ్యత్యాసాన్ని ఇవ్వడం మరవకండి, ఎందుకంటే ఒక్క పురుగు కొలతలు ఆ పురుగువే గానీ జాతివి కావు.

కొత్త జాతి అనిపిస్తే

తొందరపడకండి. మీకు పేరు దొరకని పురుగు చాలా వరకు ఎప్పుడో పేరు పెట్టినదే అయి ఉంటుంది. దక్షిణ భారతపు అనేక జాతుల మూల నమూనాలు, ఆండ్రూస్ సేకరణతో సహా, లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫోటోలను గానీ, ఆ గుంపు మీద పనిచేసే నిపుణుడి అభిప్రాయాన్ని గానీ సంపాదించకుండా కొత్తదని ప్రకటించకూడదు. తెలిసిన జాతి శేషాచలంలో ఉన్నదని సరైన నమూనాతో మొదటిసారి నమోదు చేయడం కూడా గౌరవప్రదమైన పనే, నా దృష్టిలో అది తొందరపాటు కొత్త పేరు కన్నా ఎక్కువ ఉపకారం.

అన్నీ సరిచూశాక కూడా కొత్తదే అయితే, జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి నాలుగో కూర్పును అనుసరించాలి. అది 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది. పేరు లాటిన్ లిపిలో రెండు పదాలుగా ఉండాలి. ఇతర జాతుల నుంచి వేరు చేసే లక్షణాలను మాటల్లో చెప్పాలి. ఒకే ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా ఎంచి, దాన్ని ఏ సంస్థలో ఉంచుతున్నారో ప్రకటించాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికలో ప్రచురిస్తే జంతువుల పేర్ల అధికారిక నమోదు వేదిక అయిన జూబ్యాంక్‌లో ముందుగా నమోదు చేయాలి. వర్ణన తెలుగులో ఉంటే చెల్లదన్న నియమం ఏదీ లేదు, అయితే అంతర్జాతీయంగా చదివే భాషలో భేదకథనం ఇవ్వమని నియమావళి సూచిస్తుంది. రెండింటిలోనూ రాస్తే మన విద్యార్థులకు మేలు.

మన చట్టం మరొక బాధ్యతను కూడా పెట్టింది. జీవవైవిధ్య చట్టం, 2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్న వారెవరైనా ఆ విషయాన్ని నిర్ణీత భాండాగారానికి తెలియజేసి, ఆధార నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువుల విషయంలో అటువంటి సంస్థ కోల్‌కతా కేంద్రంగా 1916 నుంచి పనిచేస్తున్న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. హోలోటైప్‌కు ఎర్రని లేబుల్ గుచ్చి, జననాంగపు గొట్టం, స్థల లేబుల్ అదే పిన్ను మీద ఉన్నాయో లేదో చూసుకుని అప్పగించండి. వారు ఇచ్చిన నమోదు సంఖ్యను అచ్చుకు పంపే ముందే వ్యాసంలో చేర్చండి.